నడక ఒకటే, ఆగడంలోనే తేడా: క్రొమటోగ్రఫీ మిశ్రమాన్ని ఎలా విడదీస్తుంది?

మా చిన్నాన్న ఉప్పల్‌లో ఉంటాడు. పదేళ్లుగా షుగర్. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుని ఆ కాగితాలు నాకు చూపించడం ఆయనకు అలవాటు. పోయినసారి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే అంకె, 7.4 అని వచ్చింది. ఆ అంకె గురించి మాట్లాడుకోవడం అయ్యాక, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మాట మీద వేలు పెట్టాడు. ‘మెథడ్: హెచ్‌పీఎల్‌సీ.’

“చక్కెర ఎంతున్నదో చూస్తే అయిపాయె గదరా. మధ్యల ఇదేంది?”

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని అదే. బాలానగర్ నుంచి పాశమైలారం దాకా, నాచారం నుంచి శామీర్‌పేట దాకా ఈ ఊళ్లో రోజూ ఆ మెషిన్ ముందు నిలబడేవాళ్లు వేలమంది ఉంటారు. ఏం పని చేస్తావని ఇంట్లోవాళ్లు అడిగితే మాత్రం “టెస్టింగ్” అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ రోజు చిన్నాన్నకు అలా తేల్చి చెప్పాలనిపించలేదు. ఆయనకు చెప్పినదే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

హెచ్‌పీఎల్‌సీ అంటే హై పెర్ఫార్మెన్స్ లిక్విడ్ క్రొమటోగ్రఫీ. క్రొమటోగ్రఫీని తెలుగు పాఠ్యపుస్తకాల్లో వర్ణలేఖనం అంటారు, అంటే రంగులతో రాయడం. ఈ పేరే మొదటి చిక్కు. మేము రోజూ విడదీసే పదార్థాల్లో చాలావాటికి రంగే ఉండదు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చెబుతాను.

రెండో చిక్కు ఇంకా పెద్దది. “మిశ్రమంలోని అనుఘటకాలు వేర్వేరు వేగాలతో ప్రయాణించడం వల్ల విడిపోతాయి” అని పరీక్షలో రాస్తాం, మార్కులు పడతాయి. అది తప్పు కాదు. కానీ అలా చదువుకున్న పిల్లల మనసులో ఒక పరుగుపందెం బొమ్మ నిలిచిపోతుంది: తేలికైన అణువు వేగంగా, బరువైన అణువు నెమ్మదిగా పరుగెత్తుతున్నట్టు. మా దగ్గర చేరే ఎమ్మెస్సీ ట్రైనీలలో కూడా చాలామంది మనసులో ఇదే బొమ్మ. ఇది పోతే తప్ప మిగతాది అర్థం కాదు.

నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్దాం. మామూలుగా ఏటా జనవరి 1న మొదలై 46 రోజులు నడుస్తుంది, మన హైదరాబాదీల నుమాయిష్. ఆదివారం సాయంత్రం చిన్నాన్న, పిన్ని, పిల్లలు అందరూ ఒకే గేట్లోంచి ఒకేసారి లోపలికి వెళ్లారు. దారుల్లో జనం ఎంత కిక్కిరిసి ఉంటారంటే, అక్కడ ఎవరి ఇష్టప్రకారం వాళ్లు నడవడం కుదరదు. జనం ఎలా కదిలితే అలా కదలాల్సిందే. కాబట్టి దారిలో ఉన్నంతసేపూ అందరిదీ ఒకటే నడక.

కానీ దారికి రెండు పక్కలా కొట్లున్నాయి. పిన్ని గాజుల కొట్టు చూస్తే ఆగుతుంది, లక్నో చికన్ బట్టలు చూస్తే ఆగుతుంది, కశ్మీరు శాలువాలు కొనకపోయినా ఒకసారి చేత్తో తడిమి వస్తుంది. పిల్లలు తినే వాటి దగ్గరా బొమ్మల దగ్గరా ఆగుతారు. చిన్నాన్నకు ఏ కొట్టుతోనూ పని లేదు. అవతలి గేటు దగ్గర నిలబడి చూస్తే మొదట చిన్నాన్న వస్తాడు, తర్వాత పిల్లలు, ఆఖర్న పిన్ని. పిన్నిది నెమ్మది నడకేం కాదు. దారిలో చిన్నాన్న ఎంతసేపు నడిచాడో పిన్నీ సరిగ్గా అంతసేపే నడిచింది. తేడా అంతా కొట్లలో ఆగిన సమయంలోనే ఉంది.

క్రొమటోగ్రఫీ మొత్తం ఇదే. కదిలే జనప్రవాహం మొబైల్ ఫేజ్, కదలని కొట్లు స్టేషనరీ ఫేజ్. పుస్తకాల్లో వీటికి చలన ప్రావస్థ, స్థిర ప్రావస్థ అన్న పేర్లున్నా ల్యాబ్‌లో ఆ మాటలు వినపడవు. అణువు మొబైల్ ఫేజ్‌లో ఉంటే దాంతోపాటే కదులుతుంది, స్టేషనరీ ఫేజ్‌కి అతుక్కుంటే నిలబడిపోతుంది. ఈ రెండు స్థితులే గాని, మధ్యలో నెమ్మదిగా నడవడం అనేది లేదు.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మేము ఎక్కువగా వాడే కాలమ్ 25 సెంటీమీటర్ల పొడవున్న స్టీలు గొట్టం. లోపలి వెడల్పు 4.6 మిల్లీమీటర్లు. దాని నిండా కుదించిన సన్నటి సిలికా గింజలు. గింజల మధ్యా, గింజల్లోని రంధ్రాల్లోనూ పట్టే ద్రవం సుమారు 2.5 మిల్లీలీటర్లు. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున పంపు తోస్తుంటే, ఎక్కడా ఆగని అణువు కూడా బయటికి రావడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. ఇప్పుడు ఒక మందు 10వ నిమిషంలో వచ్చిందనుకోండి. దాని నడక రెండున్నర నిమిషాలు, ఆగింది ఏడున్నర నిమిషాలు. పన్నెండున్నర నిమిషాలకు ఇంకొకటి వచ్చింది. దాని నడకా రెండున్నర నిమిషాలే, కానీ ఆగింది పది నిమిషాలు.

ఆ ఆగడం కూడా ఒక్కచోట కాదు. అతుక్కుంటుంది, విడిపోతుంది, కొంచెం జరుగుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. గొట్టం దాటేలోపు ఇలా వేలసార్లు జరుగుతుంది. ఒక్కసారి ఆగడంలో రెండు అణువుల మధ్య ఉండే తేడా లెక్కలోకి రానంత చిన్నది. అదే వేలసార్లు పోగైతే కంటికి కనిపించే దూరం అవుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. చాటలో చెరగాలంటే బియ్యానికీ ఊకకీ బరువులో బాగా తేడా ఉండాలి. జల్లెడ పట్టాలంటే సైజులో ఉండాలి. మరిగించి ఆవిరి పట్టాలంటే మరిగే వేడిలో ఉండాలి. క్రొమటోగ్రఫీకి మాత్రం అణువులో ఒక మూలన రెండు మూడు పరమాణువుల తేడా ఉన్నా చాలు.

దీన్ని కళ్లతో చూడాలంటే పసుపు కన్నా మంచి పదార్థం లేదు. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చూపించేది కూడా అదే.

చిటికెడు పసుపును కొంచెం ఆల్కహాల్‌లో కలిపి, తేరిన ద్రవాన్ని తీసుకుంటాం. అల్యూమినియం రేకు మీద సిలికా పూత పూసిన టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) ప్లేటును కత్తెరతో బొటనవేలంత ముక్కగా కోస్తాం. అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన గీత గీయాలి, పెన్సిల్‌తోనే. పెన్నుతో గీస్తే పసుపుతోపాటు సిరా కూడా విడిపోయి పైకెక్కుతుంది. సన్నటి గాజు గొట్టంతో గీత మీద చుక్క పెట్టాలి, ఆరనివ్వాలి, అదే చోట మళ్లీ పెట్టాలి. చుక్క ఆవగింజ కన్నా పెద్దదైతే ఫలితం అలుక్కుపోతుంది. బీకరు అడుగున కొంచెం క్లోరోఫామ్, అందులో కొద్దిగా మిథనాల్. ద్రవం మట్టం చుక్క కన్నా కిందే ఉండాలి. చుక్క మునిగితే పసుపు ద్రవంలోకే కరిగిపోతుంది, పైకి ఎక్కడానికి ఏమీ మిగలదు. బీకరు మీద మూత పెట్టి చూస్తూ కూర్చోవాలి.

దీపం వత్తిలో నూనె పాకినట్టు ద్రవం ప్లేటు మీద పైకి పాకుతుంది. చుక్కను తాకగానే పసుపు కూడా కదులుతుంది. మొదట ఒకే మచ్చ కొంచెం సాగినట్టు కనిపిస్తుంది. కాసేపటికి నడుము దగ్గర సన్నబడుతుంది. తర్వాత రెండవుతుంది, మూడవుతుంది. ద్రవం పైఅంచుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉండగా ప్లేటు బయటికి తీసి, ద్రవం చేరిన చోట వెంటనే గీత గీయాలి. ఆరితే ఆ అంచు కనపడదు.

ప్లేటు మీద ఒకదాని మీద ఒకటి మూడు పసుపు మచ్చలు. వంటింట్లో ఒక్కటే అనుకున్న పసుపు రంగు నిజానికి మూడు పదార్థాలు. అన్నిటికన్నా పైన కుర్క్యుమిన్. మధ్యలో డీమిథాక్సీకుర్క్యుమిన్. కింద బిస్‌డీమిథాక్సీకుర్క్యుమిన్. పేర్లు నోరు తిరగకపోయినా సంగతి సులువే: కుర్క్యుమిన్ అణువు రెండు చివర్లలోనూ మిథాక్సీ అనే చిన్న గుంపు ఒక్కోటి ఉంటుంది. రెండోదానికి ఒక్క చివరే ఉంటుంది. మూడోదానికి అసలు ఉండదు.

ఇంత చిన్న తేడాకే ఇంత దూరం ఎందుకు జరిగాయి? సిలికా గింజల పైభాగమంతా ఓహెచ్ గుంపులు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు ఉంటాయి. కుర్క్యుమిన్ చివర్లలోనూ ఓహెచ్‌లున్నాయి. ఓహెచ్‌కి ఓహెచ్ చెయ్యి అందిస్తుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటాం. కానీ కుర్క్యుమిన్‌లో పక్కనే ఉన్న మిథాక్సీ ఆ ఓహెచ్ చెయ్యిని ముందే పట్టుకుని ఉంటుంది, సిలికాకు సరిగ్గా అందనివ్వదు. మిథాక్సీలు లేని మూడోదానికి రెండు చేతులూ ఖాళీ. అందుకే అది సిలికాను గట్టిగా పట్టుకుని కిందే ఉండిపోతుంది. రంగు కలిపిన కల్తీ పసుపు అయితే వీటితో సంబంధం లేని చోట ఇంకో మచ్చ పడుతుంది.

ఇక్కడ ఆర్‌ఎఫ్ అనే లెక్క ఒకటి ఉంది. మచ్చ ఎక్కిన దూరాన్ని ద్రవం ఎక్కిన దూరంతో భాగిస్తే వస్తుంది. ద్రవం 6 సెంటీమీటర్లు, మచ్చ 3 సెంటీమీటర్లు ఎక్కితే 0.5. ఇంటర్ నుంచీ ఈ లెక్క చేస్తాం గానీ దాని అర్థం ఎవరూ చెప్పరు. ఆర్‌ఎఫ్ 0.5 అంటే ఆ అణువు తన సమయంలో దాదాపు సగం ద్రవంలో, సగం సిలికా మీద గడిపిందని. 0.25 అయితే నాలుగోవంతు నడక, మూడొంతులు ఆగడం. నుమాయిష్ లెక్కే ఇదీ.

క్లోరోఫామ్ ఇంట్లో వాడేది కాదు. పిల్లలకు చూపించాలంటే నల్ల స్కెచ్ పెన్ను, నీళ్లు, ఫిల్టర్ పేపర్ ముక్క చాలు. నలుపులోంచి నీలం, గులాబీ, పసుపు విడిపోతాయి.

రంగులతో రాయడం అనే పేరు పెట్టినాయన చూసింది కూడా ఇలాంటి దృశ్యమే. ఆయన మిఖాయిల్ త్స్వెత్. 1872లో ఇటలీలోని ఆస్తి పట్టణంలో పుట్టిన రష్యన్ వృక్షశాస్త్రవేత్త. ఆకుల్లో రంగులు ఎన్ని రకాలో తేల్చాలనుకున్నాడు. గాజు గొట్టంలో కాల్షియం కార్బొనేట్ పొడి, అంటే సుద్ద, దట్టంగా కూరాడు. పైన ఆకు రసం పోసి, పెట్రోలియం ఈథర్ లాంటి ద్రవాలతో కిందికి కడిగాడు. తెల్లటి సుద్దలో పచ్చ, పసుపు పట్టీలు వేర్వేరుగా దిగాయి. 1903లో వార్సాలో ఈ పద్ధతి గురించి మాట్లాడాడు, 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. సుద్ద ఒక్కటే కాదు, పంచదార పొడితో సహా వందకు పైగా పదార్థాలను ఇలా గొట్టంలో కూరి పరీక్షించాడు. రష్యన్ భాషలో త్స్వెత్ అంటే రంగు అనే అర్థం.

ఆయన బతికుండగా రసాయనశాస్త్రంలో పెద్దపేరున్నవాళ్లు దీన్ని పట్టించుకోలేదు. 1919లో చనిపోయాడు. 1931లో హైడెల్‌బర్గ్‌లో కూన్, లెడరర్ క్యారెట్‌లోని రంగులను ఇదే పద్ధతిలో విడదీశాకే లోకం దీనివైపు చూసింది. ఆ నడుమ పోయిన కాలం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

తర్వాతి పెద్ద అడుగు ఉన్ని మీద పరిశోధన చేసే చోట పడింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ ఉన్నిలోని అమైనో ఆమ్లాలను విడదీయడానికి సిలికాకు నీళ్లు పట్టించి, దాని మీదుగా క్లోరోఫామ్ పోనిచ్చారు. 1941లో వచ్చిన ఆ పరిశోధనా పత్రంలోనే మరో రెండు మాటలు రాశారు: ద్రవానికి బదులు వాయువునూ వాడవచ్చు, గింజలు చాలా సన్నగా ఉండి, ఒత్తిడి బాగా ఎక్కువైతే విడదీత ఇంకా బాగుంటుంది. మొదటి మాటను 1952లో జేమ్స్‌తో కలిసి మార్టినే గ్యాస్ క్రొమటోగ్రఫీగా నిజం చేశాడు. అదే ఏడాది మార్టిన్, సింజ్‌లకు నోబెల్ వచ్చింది. రెండో మాట 1960ల చివర్లో హెచ్‌పీఎల్‌సీ అయింది. నేను రోజూ స్విచ్ వేసే మెషిన్ ఉన్ని గురించిన ఆ కాగితంలో అప్పటికే ఉంది.

ఇప్పటి హెచ్‌పీఎల్‌సీలో చాలావరకు పసుపు ప్రయోగానికి తలకిందులు. సిలికా గింజ మీద 18 కార్బన్ల పొడవున్న కొవ్వు లాంటి తోకలు అతికిస్తారు. దాన్నే సీ18 కాలమ్ అంటాం. గింజలు జిడ్డు, వాటి మీదుగా పారేది నీళ్లు కలిసిన ద్రవం. నీళ్లను ఇష్టపడే అణువు నీళ్లతోనే పోతుంది, జిడ్డు గుణం ఉన్నది గింజకు అతుక్కుని ఆలస్యంగా వస్తుంది. దీన్ని రివర్స్ ఫేజ్ అంటారు. సిలికాతో చేసేది ముందు పుట్టింది కాబట్టి దానికి నార్మల్ అనే పేరు స్థిరపడిపోయింది.

పారాసెటమాల్ తీసుకోండి. జ్వరానికి మనందరం వేసుకునేదే. అది విచ్ఛిన్నమైతే 4-అమైనోఫినాల్ వస్తుంది. అది మందులో ఉండకూడని మలినం. పారాసెటమాల్‌లో ఉన్న ఎసిటైల్ ముక్క దీనికి లేదు. అందుకే దీనికి నీళ్లతో పొత్తు ఎక్కువ, సీ18 కాలమ్‌లోంచి ముందే వచ్చేస్తుంది. కాలమ్ చివర ఉన్న డిటెక్టర్ ముందు నుంచి పదార్థం పోతుంటే తెర మీది గీత గుట్టలా లేస్తుంది, దాన్నే పీక్ అంటాం. కంప్యూటర్ తెర మీద మొదట ఒక చిన్న పీక్, తర్వాత కొండలాంటి పీక్. పీక్ ఎన్నో నిమిషంలో వచ్చిందో చూస్తే అదెవరో తెలుస్తుంది. దాని కింద వైశాల్యం ఎంతో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. అయితే ముందుగా, స్వచ్ఛమైనదని తెలిసిన నమూనాను ఇంజెక్ట్ చేసి దానితో పోల్చాలి. తులం రాళ్లు లేకుండా తక్కెడ ఒక్కటే ఏం చెప్పగలదు?

ఇంతవరకూ విడిపోవడం గురించే చెప్పాను. దానికి అడ్డం పడేదాని గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. పిన్నిలాంటి వాళ్లు వందమంది ఒకేసారి నుమాయిష్‌కి వెళ్తే వందమందీ ఒకే నిమిషంలో బయటికి రారు. ఒకరు ఒక కొట్టు ఎక్కువ చూస్తారు, ఇంకొకరు ఒకటి వదిలేస్తారు. అణువులూ అంతే. అందుకే పీక్ గీతలా ఉండదు, గుట్టలా ఉంటుంది. కాలమ్‌లో ఎంత దూరం పోతే ఆ గుట్ట అంత పరుచుకుంటుంది. పక్కపక్క గుట్టలు ఒకదాని మీదకి ఒకటి ఒరిగాయంటే విడదీసీ ఉపయోగం లేదు.

అలాగైతే కాలమ్ పొడవు పెంచితే పోదా? ఇక్కడో అందమైన లెక్క ఉంది. పొడవు నాలుగింతలు చేస్తే రెండు గుట్టల శిఖరాల మధ్య దూరమూ నాలుగింతలవుతుంది. గుట్ట వెడల్పు మాత్రం రెండింతలే అవుతుంది. ఎందుకంటే కొందరు ఎక్కువ ఆగడం, కొందరు తక్కువ ఆగడం చాలావరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. పరుచుకోవడం పొడవుకు వర్గమూలంలా పెరుగుతుంది. దూరం వెడల్పును మించి పెరుగుతుంది కాబట్టే క్రొమటోగ్రఫీ సాధ్యమైంది. కానీ నికర లాభం రెండింతలే. దానికి కట్టే మూల్యం నాలుగింతల సమయం, నాలుగింతల ఒత్తిడి.

అందుకే పొడవు పెంచకుండా గింజను సన్నం చేసే దారి పట్టారు. గింజలు సన్నగా ఉంటే అణువు ద్రవంలోంచి గింజలోకి, గింజలోంచి ద్రవంలోకి త్వరగా వచ్చిపోతుంది. అందరూ దాదాపు సమానంగా ఆగుతారు, గుట్ట సన్నబడుతుంది. మేము వాడే గింజ 5 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. సన్నదనానికీ ఒక ధర ఉంది: గింజ సైజు సగమైతే ఒత్తిడి నాలుగింతలు. కారు టైరులో కొట్టించే గాలి 32 పీఎస్‌ఐ. మా కాలమ్ ముందు మామూలుగా రెండు వేల పీఎస్‌ఐ పైచిలుకు ఉంటుంది. రెండు మైక్రాన్ల కన్నా సన్నటి గింజలు వాడే కొత్త మెషిన్లలో పది వేలు కూడా దాటుతుంది.

ద్రవం వేగానికీ ఒక హద్దు ఉంది. మరీ తొందరగా తోస్తే అణువులకు కొట్లోకి వెళ్లొచ్చే తీరిక ఉండదు. మరీ నెమ్మదిగా పోనిస్తే అవి ద్రవంలోనే అటూ ఇటూ చెదిరిపోతాయి. వేడి కూడా అంతే: కాలమ్ వేడెక్కితే అణువుల పట్టు సడలి పీక్‌లు ముందుకు జరుగుతాయి. మే నెలలో రాత్రిపూట ఏసీ ఆగిపోయి, కాలమ్‌కు ఓవెన్ లేకపోతే, పొద్దున చూసేసరికి నిన్న సాయంత్రం 10 నిమిషాలకు వచ్చిన పీక్ అక్కడ ఉండదు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి ఒకటి చెప్పాలి. అది ఇప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీ కాదు. రాత్రి షిఫ్టు అయిపోయింది, ఇంటికి వెళ్లే తొందరలో ఉన్నాను. కాలమ్‌లో ఫాస్ఫేట్ బఫర్ ఉంది, అంటే ఉప్పునీళ్లు. దాన్ని ముందు మామూలు నీళ్లతో కడగాలి. నేను నేరుగా వంద శాతం ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం పెట్టేశాను. ఉప్పు నీళ్లలో కరిగినట్టు ఎసిటోనైట్రైల్‌లో కరగదు. గింజల మధ్య ఉన్నచోటే గడ్డకట్టింది. ప్రెషర్ అంకె కళ్లముందే పెరుగుతూ పోయి పంపు ఆగిపోయింది. కాలమ్ చోక్ అయింది, మళ్లీ పనికి రాలేదు. వేల రూపాయల వస్తువు. ఆ రోజు నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఏ కొత్త పిల్లాడు చేరినా మొదటి రోజే ముందు నీళ్లు, తర్వాతే ఎసిటోనైట్రైల్ అని చేత్తో చేయించి చూపిస్తాను.

ఇంకో విషయం మా పనిలో ఉన్నవాళ్లు కూడా మరిచిపోతుంటారు. తెర మీద పీక్ లేదంటే పదార్థం లేదని కాదు. మా డిటెక్టర్ అతినీలలోహిత కాంతిని పీల్చుకునే వాటినే చూస్తుంది. పంచదార ద్రావణం పంపితే దానికి దాదాపు ఏమీ కనిపించదు. అలాగే ఒక్కటే పీక్ ఉందంటే ఒక్కటే పదార్థం ఉందనీ కాదు. సరిగ్గా సమానంగా ఆగే రెండు అణువులు ఒకే గుట్టలో దాక్కుంటాయి. అద్దంలో ప్రతిబింబంలా ఉండే జంట అణువులను మామూలు కాలమ్ ఎంత పొడవున్నా విడదీయలేదు. వాటికి కుడి, ఎడమ తేడా తెలిసిన కైరల్ కాలమ్ కావాలి.

2018లో రక్తపోటు మందు వాల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి ప్రపంచమంతా కలకలం రేగింది. క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానించే పదార్థం అది. అప్పటిదాకా రోజువారీ పరీక్షల్లో ఆ మందు పాసవుతూనే వచ్చింది. మామూలుగా మందుల్లో మలినాలను 0.1 శాతం స్థాయిలో లెక్కపెడతాం. ఎన్‌డీఎంఏకి అమెరికా పెట్టిన హద్దు రోజుకు 96 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఆ స్థాయిలో చూడాలంటే క్రొమటోగ్రఫీ తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అణువుల బరువును బట్టి గుర్తుపట్టే మెషిన్, తగిలించాలి. అన్నిటికన్నా ముందు, దాని కోసమే వెతకాలని ఎవరికైనా తోచాలి. ఆ తర్వాత మందుల ల్యాబుల్లో నైట్రోసమీన్ అనే మాట, అంటే ఎన్‌డీఎంఏ చెందిన కుటుంబం పేరు, వినపడని రోజు లేదు. మెషిన్ మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. అందుకే ఏం అడగాలన్నది కెమిస్టు రసాయనశాస్త్రం తెలిసి ఆలోచించాల్సిన విషయమని నా గట్టి నమ్మకం.

ఇక చిన్నాన్న కాగితం దగ్గరికి వద్దాం.

రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే అది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు నెమ్మదిగా అంటుకుంటుంది, మళ్లీ ఊడదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఎంత హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకుందో చూస్తే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. కానీ చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్‌ను, అంటుకోనిదాన్ని విడదీయడం ఎలా? అంత పెద్ద ప్రొటీన్ మీద ఒక గ్లూకోజ్ అంటే ఏనుగు మీద ఎలుకంత.

ఇక్కడ కొట్లు వేరే రకం. గింజల మీద ఋణావేశం ఉంటుంది. హిమోగ్లోబిన్ మీది ధనావేశం వాటికి అతుక్కుంటుంది. గ్లూకోజ్ వచ్చి చేరేది హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు మొదట్లో, సరిగ్గా ధనావేశం ఉండే చోట. ఆ కాస్త ఆవేశం తగ్గడంతో గింజ మీద పట్టు తగ్గుతుంది, చక్కెర అంటిన హిమోగ్లోబిన్ ముందే బయటపడుతుంది. ద్రవంలో ఉప్పు పెంచుతూ పోతే మిగతాది తర్వాత వస్తుంది. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

హెచ్‌బీఏ1సీ అనే పేరు కూడా క్రొమటోగ్రఫీ పెట్టినదే. 1958లో అమెరికాలో అలెన్, ష్రోడర్, బాలోగ్ హిమోగ్లోబిన్‌ను ఇలాంటి కాలమ్‌లో పోస్తే, అసలైన పెద్ద భాగం కన్నా ముందు చిన్నచిన్న భాగాలు వచ్చాయి. వచ్చిన వరసలోనే వాటికి ఏ1ఏ, ఏ1బీ, ఏ1సీ అని పేర్లు పడ్డాయి. వాటిలో ఒకదానికి షుగర్ జబ్బుతో సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. పదేళ్ల తర్వాత, 1968లో, టెహరాన్‌లో శామ్యూల్ రహ్బర్ షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో అలాంటి భాగం ఎక్కువగా ఉండటం గమనించాడు. కోట్లమంది రిపోర్టుల్లో ఈ రోజు ఉన్న పేరు ఒక గొట్టంలోంచి ఎవరు ఏ వరసలో బయటికి వచ్చారన్నదే.

ఇదే మెషిన్ సికిల్ సెల్ జబ్బునూ పట్టిస్తుంది. ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో ఆ జబ్బు ఎక్కువ. సికిల్ హిమోగ్లోబిన్‌లో ఋణావేశమున్న గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు ఏ ఆవేశమూ లేని వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఋణం తగ్గిందంటే మొత్తం మీద ధనం పెరిగినట్టే. కాబట్టి అది గింజలను మరింత గట్టిగా పట్టుకుని, మామూలు హిమోగ్లోబిన్ తర్వాత ఆలస్యంగా వస్తుంది.

చిన్నాన్న రిపోర్టు రెండో పేజీలో గ్రాఫ్ కూడా ఉంది. ఆయన ఇన్నేళ్లూ దాన్ని తిప్పి చూడలేదు. ఎడమవైపు చిన్నచిన్న గుట్టలు, ఆ తర్వాత కాగితం పైదాకా లేచిన ఒక కొండ. కొండకు ముందున్న గుట్టను చూపించి, ఇది ఏ1సీ, మొత్తం వైశాల్యం వందనుకుంటే దీని వాటా 7.4 అని చెప్పాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“అయితే వచ్చేసారికి ఇది ఏడికి జరగాలె?”

“జరగదు చిన్నాన్నా. అది ఎప్పుడైనా అక్కడే వస్తుంది. చిన్నది కావాలి, అంతే.”